కణుపు దగ్గర అరవై మూడు

పదకొండు సీసాలు, స్పిరిటులో
పదకొండు తోకల చివర్లు.
ప్రతి సీసా మీదా నా చేతిరాత:
గుత్తి కొండ, ఉత్తరపు వాలు, రాత్రి తొమ్మిదిన్నర, బండ కింద.

పట్టింది కుళ్లాయప్ప.
టార్చి పళ్ళతో కరచుకొని
రెండు చేతులూ ఖాళీగా ఉంచుకొని
కోట వెనక బండల్లో నాకంటే ముందు నడిచేవాడు.
తోక కొస కత్తిరించి వదిలేసేవాళ్ళం.
"ఇది కూసే బల్లి. ఇది మూగది.
రెండూ ఒక తల్లి బిడ్డలు కావు మేడం."
ఎట్లా తెలుసంటే,
"సూస్తానే తెలుస్చాది."

నేను నవ్వలేదు, రాసుకున్నాను.
మా శాస్త్రమూ ఎన్నో తరాలు
చూసే తెలుసుకుంది,
వేళ్ళ కింది మెత్తలు లెక్కపెట్టి
తొడల మీది రంధ్రాలు లెక్కపెట్టి.

ఇప్పుడు నాలుగే అక్షరాలు లెక్కపెడతాం.

అనంతపురంలో రేకుల గది, మే నెల,
ల్యాప్‌టాప్ కింద తడిగుడ్డ.
ఒక బల్లి అక్షరాల కింద ఇంకో బల్లి అక్షరాలు
సాళ్ళు పట్టినట్టు పేరుస్తాను.
రాలిపోయిన అక్షరం చోట చిన్న గీత,
శనక్కాయ చేలో మొలవని విత్తు జాగా.

ప్రోగ్రాము ముందే ఒక షరతు పెడుతుంది:
బయటివాడు ఒకడు కావాలి.
ఈ గుంపుకు చెందనివాడు లేకపోతే
వేరు ఎక్కడుందో నేను చెప్పలేనంటుంది.
మా ట్యూబులైటు దగ్గర తిరిగే ఇంటిబల్లిని ఇచ్చాను.
లోపలివాళ్ళెవరో తేలడానికి
దూరంగా నిలబడటమే దాని పని.
ఆ పని నాకూ కొంచెం తెలుసు,
డిపార్టుమెంటులో టీ తాగే వేళల్లో.

ఇక రాత్రంతా అది
చెట్లు గీస్తుంది, చెరుపుతుంది.
కొమ్మ విరిచి ఇంకోచోట అంటిస్తుంది,
ఇది మేలా అది మేలా అని తనలో తనే.
రెండు ఫ్యాన్ల చప్పుడు వింటూ పడుకుంటాను.
కరెంటు పోతే ఒకటే మిగులుతుంది,
కాసేపటికి అదీ ఆగుతుంది.
పొద్దున ఆగినచోటి నుంచే అందుకుంటుంది,
ఏమీ జరగనట్టు.

చెట్టు వచ్చింది, పక్కకు పడుకొని.
మా చెట్లింతే. వేరు ఎడమన, ఆకులు కుడిన.
కూసేవి ఆరు ఒక కొమ్మకు,
మూగవి నాలుగు ఇంకో కొమ్మకు.
పదకొండోది,
కుళ్లాయప్ప మూగదని ఒట్టేసి చెప్పింది,
పోయి కూసేవాటి పక్కన కూర్చుంది.
ఆ కణుపు దగ్గర ఒక అంకె: అరవై మూడు.
నూటికి అరవై మూడుసార్లు ఈ మాటన్నాను,
తక్కినసార్లు వేరే మాటన్నాను అని దానర్థం.
మా నాయన గుత్తి కోర్టులో బంట్రోతు,
ఇటువంటి సాక్షిని ఒక్కణ్ణీ చూసి ఉండడు.

ఫోన్ చేసి చెప్పాను.
అవతల కాసేపు మేకల గంటలు.
"కూయలేదని మూగదనుకుంటి.
ఆ పొద్దు దానికి కూయబుద్ది కాలేదేమో."

అతని పేరు గురించి ఒకసారి అడిగాను.
గూగూడు పీర్లకు వాళ్ళమ్మ మొక్కుకుంటే పుట్టాడు.
అదే ఊళ్ళో సాయిబుల వీధిలో ఒక కుళ్లాయి,
గొల్లల ఇంట్లో ఇంకో కుళ్లాయి, ముగ్గురూ ఒక ఈడు.
పేర్లు పేర్చి ప్రోగ్రాముకు ఇస్తే
ముగ్గురినీ ఒకే కణుపుకు కట్టి
పక్కన నూటికి నూరు అని రాస్తుంది.
తాతల నుంచి దిగని పేరది,
పక్కనుంచి నడిచొచ్చింది, నిప్పులగుండం మీదుగా.
అట్లా వచ్చినవాటికి గీత గీయడం
నా చెట్టుకు చేతకాదు.

శనివారం మళ్ళీ ఎక్కాం.
అదే బండ. టార్చి ఆర్పి కూర్చున్నాం.
గంటన్నర.
కింద గుంతకల్లు వైపు గూడ్సు పోయింది, పెట్టెలు లెక్కపెట్టాను,
యాభై దాకా వచ్చి తప్పిపోయాను.
అప్పుడు ఏదో కూసింది,
నాలుక అంగిట కొట్టినట్టు, మూడుసార్లు.
"అదే," అన్నాడు.
"ఏది?"
"అదే మేడం."

చీకట్లో తడుముకుంటూ రాశాను:
వినబడింది.
ఎవరో తెలియదు.
తర్వాత చూస్తే ఆ రెండు వరసలూ
ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.